నాలుగడుగుల పరుపు

కోరుట్ల,
9 జూన్ 2024.

వసంతక్కకు తమ్ముడు శ్రీశైలం దండం పెట్టి రాస్తున్న సంగతులు.

నా చేతిరాత చూసి నీకు చాలా ఏళ్లయి ఉంటుంది. మస్కట్ పోయిన కొత్తలో రాసేవాణ్ణి. ఫోన్లు వచ్చాక మానేశాను. ఇప్పుడు మళ్లీ కలం ఎందుకు పట్టానంటే, నీతో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాలి. ముప్పయ్యేళ్లు సాంచెల మోతలో బట్ట నేసి, చెవులను ఆ షెడ్డులోనే వదిలేసి వచ్చావు. మొన్న నేను అరిచిన అరుపులకు పక్కింటి రాజమల్లు గేటు దాకా వచ్చి, "ఏమైంది శైలం, ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాడు. వాట్సాప్‌లో పెడదామంటే నీ ఫోన్ ఎప్పుడూ మీ కోడలు ఊర్మిల చేతిలో ఉంటుంది. అందుకని ఉత్తరమే నయమనిపించింది.

వ్యాన్ కొన్నానక్కా. ఇబ్రహీంపట్నంలో ఒక బడి వాళ్లు పాతది అమ్మేస్తుంటే తీసుకున్నాను. పసుపు రంగు ఇంకా పోలేదు. రోడ్డు మీద పోతుంటే సంచులు వేసుకున్న పిల్లలు చెయ్యెత్తి ఆపుతున్నారు. సీట్లన్నీ పీకించి, జగిత్యాలలో జలపతి అనే వడ్రంగి దగ్గర పెట్టాను. లోపల మంచం, చిన్న పొయ్యి గట్టు, బట్టల అర చేస్తానన్నాడు. మస్కట్‌లో సముద్రం ఒడ్డున తెల్లవాళ్లు ఇలాంటి బండ్లలో ఉండేవాళ్లు. క్యాంపర్ వ్యాన్ అంటారు. మొగుడూ పెళ్లాం లోపలే వండుకుని, లోపలే పడుకుని, పొద్దున తలుపు తెరిచి కాళ్లు బయటికి వేలాడేసి చాయ్ తాగేవాళ్లు. నేను పక్కనే లారీ ఆపుకుని చూసేవాణ్ణి. సుధకు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చెప్పేవాణ్ణి. "ఇరవై రెండేండ్లు ఫోన్లనే తిప్పినవ్, ఇగ బండ్ల తిప్పు" అని ఆమె ఇప్పుడు రోజూ అడుగుతోంది. బిడ్డ పెళ్లయి మెట్‌పల్లిలో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. ఏ అడ్డూ లేదు.

ఇక నీతో పని. బండిలోకి పడక నువ్వే కుట్టాలి. ఒకటి కాదు, రెండు. ఒక్కోటి రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మధ్యలో జానెడు సందు ఉంటుంది. దూది వద్దు, ఫోమ్ పెట్టు. పైన తొడిగే గలీబు కింద రెగ్జిన్ వేసి కుట్టు. రంగు ముదురుగా ఉండాలి, బండిలో దుమ్ము ఎక్కువ కదా. చెద్దర్లు ఎనిమిది కావాలి, తొందరగా ఆరేవి. సుధ నిద్రలో బాగా దొర్లుతుంది, అందుకే వేరువేరుగా అంటున్నాను.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
శైలం


సిరిసిల్ల,
24 జూన్ 2024.

శైలూ,

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చిస్తే మీ బావ కోర్టు నోటీసనుకుని అద్దాలు వెతుక్కున్నాడు. చదివి వినిపిస్తే నవ్వాడు. "మీ తమ్మునికి ఇల్లుండగ బండ్ల పండుడేంది, లారీ వాసన పోలేదా?" అన్నాడు. నేను మాత్రం సంతోషపడ్డాను. సుధ పెళ్లయినప్పటి నుంచి నీ ఫొటోతో కాపురం చేసిన పిల్ల. తిప్పు, బాగా తిప్పు.

పరుపు సంగతి నాకు వదిలెయ్. సాంచె పని మానేశాక ఆరేళ్ల నుంచి పరుపులూ బొంతలే కుడుతున్నాను. ఎవరు దేని మీద పడుకుంటే నిద్ర పడుతుందో నీకంటే నాకు బాగా తెలుసు. ఫోమ్ కొన్నప్పుడు మెత్తగా ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండిలో దాని మీద పడుకుంటే వీపు కాలుతుంది. రెగ్జిన్ వేస్తే చెమట ఎక్కడికి పోతుంది? తెల్లారేసరికి ఒళ్లంతా చెమటకాయలే. కొబ్బరి పీచు గట్టిది, నడుముకు మంచిదే గానీ మీ ఇద్దరివీ పీచు మీద పడుకునే ఎముకలు కావు. దూదే మంచిది. ఏకించిన కొత్త దూది నాలుగంగుళాల మందం వేసి, ఉండలు కట్టకుండా జానెడుకో టాకా కుట్టు వేశాను. జలపతికి చెప్పు, మంచానికి నిండు చెక్క కొట్టొద్దు. పట్టీలు కొట్టి మధ్యన వేలెడు సందు వదలాలి. బండిలో ఇద్దరు ఊపిరి వదిలితే ఆ చెమ్మంతా చెక్క మీదికే దిగుతుంది. కింద గాలి ఆడకపోతే బూజు పడుతుంది.

వేరువేరు పరుపులన్నావు చూడు, అది మాత్రం నా చేత కాదు. నాలుగడుగుల వెడల్పుతో ఒకటే కుట్టాను. మన ఇళ్లల్లో తమ్ముడు కొత్త కాపురం పెడితే మొదటి పరుపు ఆడబిడ్డ కుట్టాలి, మూలన పసుపు దారం వేసి ముడెయ్యాలి, ఆ ముడి విప్పకూడదు. నీ పెళ్లప్పుడు నెల కాకముందే విమానం ఎక్కావు, ఆ పరుపు కుట్టే భాగ్యం నాకు దక్కలేదు. ఇప్పుడు కుట్టాను. సుధ దొర్లితే దొర్లనీ. చెద్దర్లు రెండు పంపుతున్నాను, లేత పసుపు రంగువి. ఎనిమిది ఏం చేసుకుంటావు, లాడ్జి పెడతావా?

రేపు పొద్దున బస్సులో పార్శిల్ వేయిస్తాను. అందగానే రాయి. సుధ ఏమన్నదో అది కూడా రాయి.

అక్క


జగిత్యాల,
28 జూలై 2024.

అక్కా,

పరుపు అందింది. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. వానలు ఎక్కువయ్యాయి. బండి పైకప్పు కారుతోంది. జలపతి పట్టీలు కొట్టాడు గానీ తలుపు రబ్బర్లు ఇంకా వెయ్యలేదు. అందుకే బండిని మళ్లీ అతని షెడ్డుకు తెచ్చి, ఇక్కడే నాలుగు రోజుల నుంచి ఉంటున్నాను. కోరుట్లలో ఉన్నప్పుడు కూడా బండిలోనే పడుకుంటున్నాను. బ్యాటరీ ఎత్తుకుపోతారని భయం.

నీ పరుపు చాలా బాగుంది. ఇంట్లో మంచం మీద వేశాము. బండికి మాత్రం నేను మొదట అడిగినవే కావాలి. ఫోమ్, కింద రెగ్జిన్, ముదురు రంగు. రెండు కుదరకపోతే ఒకటి చాలు, రెండడుగులది. చెద్దర్లు ఎనిమిది అన్నది తమాషాకు కాదక్కా.

ప్రయాణం కార్తీకంలో చూద్దామన్నాను. సుధ సరే అంది.

శైలం


సిరిసిల్ల,
21 ఆగస్టు 2024.

శైలూ,

మొన్న రాఖీ కట్టడానికి మీ ఇంటికి వచ్చి, తిని, తాగి, నీ చేతికి దారం కట్టి, అడగాల్సిన మాట ఒక్కటీ అడగకుండా వచ్చాను. నేను అడిగితే నువ్వు అరిచి జవాబు చెప్పాలి. సుధ వంటింట్లో ఉంది. అందుకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇంట్లో మంచం మీద నా పరుపు లేదు. మీరు పూరీలు చేస్తుంటే నేను బండి చూస్తానని ఇంటి వెనక్కి పోయాను గుర్తుందా? నా పరుపు సగం అక్కడ ఉంది. రెండో సగం లేదు. కత్తెరతో నిలువునా కోశావు. అంచు కూడా కుట్టలేదు, దూది బయటికి వస్తోంది. దారం వేసిన మూల ఆ సగంలో లేదు. ఆడబిడ్డ కుట్టిన పరుపును మధ్యకు కోసినవాణ్ణి నా బతుకులో చూడలేదు. ఆ బండి మెట్టు మీద కూర్చుని నిన్ను మనసులో ఎన్ని తిట్టానో నాకే తెలుసు.

నన్ను బస్టాండులో దింపడానికి సుధ వచ్చింది. బస్సు వచ్చేలోపు నా చెవి దగ్గరకు వంగి చెప్పింది. "వదినె, ఆయనకు నా పక్కన పండబుద్ధయితలేదు. నన్ను జూసే పరుపు గోసిండు. గిన్నేండ్లు ఫోన్ల మంచిగ మాట్లాడిండు, ఎదురుంగ జూసినంక నేను ముసలిదాని లెక్క కనబడుతున్ననేమో." నలభై ఆరేళ్ల మనిషి, జుట్టుకు రంగేసుకుని, నీ కోసం కొత్త చీరలు కొనుక్కుని ఉంది. ఆ మాట చెప్తూ సిగ్గుతో తల ఎత్తలేదు.

బస్సెక్కాక కోపం చల్లారి ఆలోచించాను. ఫోమ్. రెగ్జిన్. ముదురు రంగు. ఎనిమిది చెద్దర్లు. ఆరేళ్లలో ఇలాంటి పడక నేను రెండు రకాల వాళ్లకే కుట్టాను, పురిటి మంచానికీ, మంచాన పడ్డ వాళ్లకీ. మీ ఇంట్లో రెండూ లేవు. బండిలో ఫినాయిల్ వాసన గుప్పుమంది. దాని కింద ఇంకో వాసన ఉంది. అది నేను చిన్నప్పుడు నీ పక్కన పడుకున్నప్పటి వాసన.

నీకు ఎనిమిదేళ్లు, నాకు పన్నెండు. ఇద్దరికీ ఒకటే బొంత. ఒక రోజు నా కొత్త పరికిణీ తడిసింది. నాకు ఒళ్లు మండి, ఆ బొంతను పెరట్లో ఆరేయకుండా వీధిలోకి తెచ్చి, నాన్న మగ్గానికి పడుగు సాగదీసే గుంజల మీద వేశాను. బడికి పోయే పిల్లలందరూ దాన్ని దాటుకునే పోవాలి. ఎవరిదని అడిగితే నీ పేరు చెప్పాను. నవ్వుతూ చెప్పాను. మరుసటి రోజు నుంచి నువ్వు పెరట్లో మేకల పక్కన పడుకున్నావు. అమ్మ ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఆ సంగతి ఎన్నడూ నీతో ఎత్తలేదు. ఎత్తడానికి నాకు ముఖం లేదు. ఇప్పుడు నువ్వు మళ్లీ బయట పడుకుంటున్నావు.

నేను అనుకున్నదేనా? కాకపోతే నన్ను తిట్టు. అయితే మాత్రం దాచకు.

అక్క


కోరుట్ల,
3 సెప్టెంబర్ 2024.

అక్కా,

నువ్వు అనుకున్నదే.

ఈ రెండు ముక్కలు రాయడానికి పది రోజులు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను. ఇప్పుడు సుధ బజారుకు పోయింది, వచ్చేలోపు పూర్తి చేసి డబ్బాలో వేసి రావాలి.

పోయిన ఏడాది మస్కట్‌లో నాకు ఆపరేషన్ అయింది. మూత్రపు సంచి కింద గ్రంథి పెరిగిందని కోశారు. ఇంటికి చెప్పలేదు. పగలు బాగానే ఉంటుంది. నిద్రపోతే మాత్రం నా ఒళ్లు నా మాట వినదు. వారానికి నాలుగు రోజులు, ఒక్కోసారి రోజూ. నాకు యాభై నాలుగేళ్లక్కా. లారీని కొండల మీద వెనక్కి నడిపినవాణ్ణి.

రూములో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, అందరూ మన వైపు వాళ్లే. మొదట ఎవరూ ఏమీ అనలేదు. ఒక రోజు బుచ్చన్న అనే పిల్లగాడు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నా దగ్గరకు వచ్చి మెల్లగా, "అన్నా, ఏమనుకోకు, నీ పరుపు వరండల ఏసుకోరాదే" అన్నాడు. తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా చెప్పేసరికి నేను చచ్చిపోయాను. పది రోజులు వరండాలో పడుకుని, పని వదిలేస్తానని రాసిచ్చాను. కంపెనీ మూతపడిందని మీ అందరికీ చెప్పింది అబద్ధం. కంపెనీ నడుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చాక సాయంత్రం నుంచి నీళ్లు తాగేవాణ్ణి కాదు. గంటన్నరకోసారి లేవడానికి ఫోన్‌లో అలారం పెట్టి తల కింది మెత్త అడుగున దాచేవాణ్ణి. వారం రోజులు గడిచాయి. ఒక తెల్లవారుజామున సుధ చీర కొంగు తడిసే దాకా వచ్చింది. ఆమె లేవకముందే లేచి, చెంబులో నీళ్లు ఒలికించి, ఒలికిపోయాయని చెప్పాను. నమ్మింది. ఆ రోజే బండి కొనాలని నిశ్చయించుకున్నాను. నీతో సహా అందరికీ తిరగడానికని చెప్పాను. నిజానికి అది నేను విడిగా పడుకోవడానికి కొన్న బండి. బండి ఉంటే ఆ వంకన ఇంట్లోంచి బయట పడవచ్చు కదా.

ఈ ఊళ్లో ఏ దుకాణంలోనైనా రెగ్జిన్ పరుపు అడిగితే, "ఇంట్ల ఎవలు మంచాన పడ్డరు?" అంటారు. అందుకే నిన్ను అడిగాను. నువ్వు కుట్టి పంపిన పరుపు ఇంట్లో కాదు, బండిలోనే వేశాను, మూడు రోజులే పొడిగా ఉంది. దూది తాగిన నీళ్లను తిరిగి ఇవ్వదు. ఎండకేద్దామంటే వానలు. వాన లేని రోజు ఎండకేస్తే పడ్డ మచ్చ నలుగురికీ కనబడుతుంది. నా వైపు సగం ముక్కిపోయింది. సుధకని వదిలిన వైపన్నా బాగుండాలని కోశాను. కోసేటప్పుడు మూలన నీ పసుపు దారం చేతికి తగిలింది. ఆ మూల పాడైన సగంలోనే ఉంది. ఆ సగాన్ని ఊరి బయటికి తీసుకుపోయి తగలబెట్టి వచ్చాను. సుధ నన్ను ఏమీ అడగలేదు. తనను చూసే కోశాననుకుందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నేను నా సిగ్గును దాచుకుంటే అది పోయి ఆమె నెత్తిన కూర్చుంది.

బొంత సంగతి రాశావు. నేను మరిచిపోయానని చెప్తే అబద్ధం అవుతుంది. కానీ నువ్వు చిన్నపిల్లవు. దాని గురించి బాధపడకు.

నువ్వు నాకు ఒక్క మాట ఇయ్యి. సుధకు చెప్పొద్దు. నన్ను ఆమె లారీ నడిపే మొగోడిగా ఇరవై రెండేళ్లు ఊహించుకుంది. పక్కలో తడిపే ముసలోడు వచ్చాడని తెలిస్తే ఆమె ముందు తల ఎత్తలేను. నా మీద ఒట్టు.

శైలం


సిరిసిల్ల,
16 అక్టోబర్ 2024.

శైలూ,

నీ ఉత్తరం రాగానే జవాబు రాయలేదు. పని చేసి, అప్పుడు రాద్దామనుకున్నాను. పని అయ్యింది. ఆ తర్వాత జరిగిన దాని వల్ల నాకు రాయబుద్ధి కాలేదు.

ముందు పని సంగతి. నాలుగడుగుల పరుపు మళ్లీ కుట్టాను. రెండడుగులది కుట్టమంటే కుట్టను, ఎన్నిసార్లడిగినా కుట్టను. ఈసారి లోపల ఫోమే, గట్టి రకం, దిండులా ఉబ్బకుండా పలకగా ఉండేది. నీ వైపు సగానికి ఫోమ్ చుట్టూ రెగ్జిన్ తొడిగి అంచులు అతికించాను, చుక్క కూడా లోపలికి పోదు. దాని మీద ఇద్దరికీ కలిపి అంగుళం మందం దూది బొంత పరిచాను, అది చెమటకు. బొంతకు గుండీలు పెట్టాను, తడిస్తే విప్పి ఉతికి ఆరేసుకోవచ్చు. ఇంకో బొంత అదనంగా పెట్టాను. పైన గలీబు ఒకటే. చూసేవాళ్లకు మామూలు పరుపే. చెద్దర్లు ఎనిమిది, వక్క రంగువి, పలచగా నేసిన నూలు, రెండు గంటల్లో ఆరుతాయి. ఇంత తెలివి జూన్‌లోనే వాడి ఉంటే ఆ పరుపు కాలేది కాదు. నువ్వు అడిగింది అడిగినట్టు చెయ్యకుండా నా పెద్దరికం చూపించుకున్నాను. తప్పు నాది కూడా.

జగిత్యాలలో ఈ రోగానికి డాక్టర్లు ఉన్నారు. ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, కసరత్తూ మందులూ ఉన్నాయనీ మా పక్కింట్లో ఉండే కంపౌండర్ చెప్పాడు. ఎవరికని నేను చెప్పలేదు. పో. తగ్గుతుందో లేదో వాళ్లు చెప్తారు, నువ్వూ నేనూ కాదు.

ఇక రెండో సంగతి. దసరా తెల్లారి సుధ ఒక్కతే జమ్మి ఆకు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాకూ మీ బావకూ పెట్టి, కాళ్లకు మొక్కింది. అన్నం తిన్నాక నన్ను మేడ మీదికి తీసుకుపోయి నా చేతులు రెండూ పట్టుకుంది. మాటలు నాకు వినబడాలని గట్టిగానే అడిగింది. "వదినె, మస్కట్ల ఇంకో ఆమె ఉన్నదా? ఉంటె చెప్పుండ్రి. నేను లొల్లి జెయ్య. నాకు తెలిస్తె సాలు. వచ్చిన కొత్తల రాత్రి మెత్త కింద ఫోన్ మోగితె లేసి బయటికి వోతుండె. నేను అటు మర్రి పడుకున్నట్టు జేస్తుంటి." నీ అలారం ఆమె చెవికి అలా వినబడింది.

నాకు నిజం తెలుసు. నోట్లో ఉంది. నీ మీద ఒట్టు ఉంది. "నాకేం తెల్వది బిడ్డా" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. నేను అబద్ధం చెప్తున్నానని ఆమెకు తెలిసిపోయింది. దేని గురించి అబద్ధమో తెలియక, ఇంకో ఆమె ఉన్నదనే అనుకుని చేతులు వదిలేసింది. మెట్లు దిగుతూ, "ఎంతయిన మీకు తమ్ముడు తమ్ముడే" అంది. నా జన్మలో అంత సిగ్గుపడలేదు. వీధిలో బొంత ఆరేసిన రోజు కూడా పడలేదు, అప్పుడు బుద్ధి లేదు కాబట్టి.

కొడిమ్యాలలో వాళ్ల అమ్మగారింటికి పోయి ఉంటానని నాతో చెప్పింది. నీతో జమ్మి పెట్టి వస్తానని చెప్పి ఉంటుంది. రెండు చీరలతో పోలేదు శైలూ. పెద్ద సంచితో పోయింది.

ఒట్టు నేను ఒక్కసారి నిలబెట్టుకున్నాను. ఇంకోసారి నిలబెట్టుకోను. ఈ నెల ఆఖరులోపు నువ్వు చెప్పకపోతే నేనే కొడిమ్యాల పోయి చెప్తాను. నా నోటితో వింటే ఆమె మీ ఇంటికి తిరిగి వస్తుందో రాదో నాకు తెలియదు. పరుపు బస్సులో వేశాను.

అక్క


వెల్గటూర్,
27 అక్టోబర్ 2024.

అక్కా,

గోదావరి పక్కన బండి నిలబెట్టుకుని రాస్తున్నాను. సుధ ఇక్కడే ఉంది. నేను రాసేది చదువుతానని ముందే చెప్పింది.

నీ ఉత్తరం అందిన మర్నాడు జగిత్యాల పోయి డాక్టరుకు చూపించుకున్నాను. మందులు రాశాడు, కసరత్తు నేర్పాడు. నెలలు పడుతుందన్నాడు, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. అక్కడి నుంచి ఇంటికి వచ్చి నీ పరుపు బండిలో వేసుకుని కొడిమ్యాల పోయాను. వాళ్ల అన్నదమ్ములు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. పసుపు బండి చూసి చిన్న బామ్మర్ది, "బావా, బడి బండి నడుపుతున్నవా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సుధ సంచి తెచ్చుకోలేదు. ఒక్క గంట మాట్లాడి వస్తానని వాళ్లమ్మకు చెప్పి ఎక్కింది.

గంటలో చెప్పేద్దామనే అనుకున్నాను. కొడిమ్యాల దాటినా నోరు రాలేదు. జగిత్యాల దాటినా రాలేదు. ఆమె ఎక్కడికని అడగలేదు. గోదావరి అడ్డం వచ్చింది, రోడ్డు అక్కడికే ఆగిపోయింది. బండి ఆపి, స్టీరింగ్ వైపే చూస్తూ చెప్పాను. ఆపరేషన్, వరండా, కంపెనీ, చెంబులో నీళ్లు, అలారం, పరుపు, అన్నీ. ఏదీ మిగల్చలేదు.

అంతా విని సుధ అడిగింది.

"వదినెకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"రాఖీ నుంచి."

అప్పుడు ఏడ్చిందక్కా. నేను అనుకున్న దానికి ఏడవలేదు. "పక్క తడిస్తె నేనేమంట? బిడ్డను పెంచలేదా, మా నాయిన మంచాన పడితె రెండేండ్లు పక్కబట్టలు తియ్యలేదా? నాకు గది సిగ్గు గాదు. నీ పానం బాగలేదన్న ముచ్చట నాకంటె ముందుగాల సిరిసిల్లకు పోయింది. నేను ఆమె చేతులు వట్టుకొని అడుక్కుంటిని. నా మొగని సంగతి పోస్టు డబ్బకు తెల్సు, నాకు తెల్వది. గిది నాకు సిగ్గు" అంది. దిగి ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయింది. నేను పిలవలేదు. పిలిచే ముఖం లేదు. వెనక్కి వచ్చి కొడిమ్యాల దించమంటుందనే అనుకున్నాను. పొద్దు గూకే వేళకు వచ్చింది. వాళ్లమ్మకు ఫోన్ చేసి రేపు వస్తానంది. బండెక్కి పరుపు చూసి, చేత్తో నొక్కి, "ఏ దిక్కు నీది?" అని అడిగి, చెద్దరు తనే పరిచింది.

తెల్లారేసరికి తడిసింది. నేను చప్పుడు కాకుండా తలుపు తీయబోయాను. "యాడికి?" అంది. చెద్దరు ఉతుక్కొస్తానన్నాను. "గోదారిల ముంచకు, బకీట్ల నీళ్లు తే" అని తనూ లేచింది. ఇసుకలో బకెట్ పెట్టి ఉతికాం. పిండేటప్పుడు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను. ఆమె ఇటు తిప్పింది, నేను అటు తిప్పాను. ఇన్నాళ్లూ ఒక్కణ్ణే పిండేవాణ్ణి, సగం నీళ్లు దాంట్లోనే ఉండేవి. అటు పోయే ఇద్దరు ముగ్గురు మనుషులు చూశారు. నాకు తల వంచుకోవాలనిపించింది. ఆమె మాత్రం చెద్దరును బండి అద్దం నుంచి తలుపు దాకా, రోడ్డు వైపుకే కట్టింది.

మూడు రోజుల నుంచి ఇక్కడే ఉన్నాం. ఒక రోజు తడవలేదు. కొడిమ్యాలలో సంచి ఇంకా అక్కడే ఉంది. తెస్తుందో లేదో నేను అడగలేదు. రేపు అటే పోతున్నాం.

అక్కా, నువ్వు నా ఒట్టు కోసం పడ్డ సిగ్గుకు నేనేమిచ్చుకున్నా తీరదు. కానీ ఈ సంగతి గురించి నీకు రాయడం ఇదే ఆఖరు. సుధకు మాటిచ్చాను. ఏమీ అనుకోవద్దు.

నీ తమ్ముడు,
శైలం

వదినె గారికి,
పరుపు బాగున్నది. నడుము నొప్పి లేకుండ పడుకుంటున్నము. మీ మీద కోపం ఉన్నది. మీరు పెద్దవాళ్లే గాని, దాచి చెప్పుడు నాకు రాదు కాబట్టి రాస్తున్న. ఎప్పుడు పోతదో నాకు తెల్వది. చెద్దర్లు ఇంక పంపకుండ్రి, కొలత నాకు తెల్సింది, నేను కొంట. ఇక మీదట ఆయన ఎట్ల ఉన్నడో ఆయనను అడగకుండ్రి, నన్ను అడగుండ్రి. చెప్పవలసినంత చెప్త.
సుధ